నానమ్మ పాలు పోసే పాము, మనవడి హోంవర్క్‌లో విలన్

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, కుదించి చెబుతాను.

ఆమెకి పన్నెండేళ్ళ కొడుకు, ఏడో తరగతి. తెనాలి దగ్గర పల్లె నుంచి అత్తగారు ఆరు నెలలు ఉండివెళ్దామని వచ్చారు. బళ్ళో ఇంగ్లిష్ టీచరు రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన 'రిక్కీ-టిక్కీ-టావీ' కథ చదివించి, పిల్లలకి ఒక చార్ట్ ఇచ్చారు. ఎడమ పక్క హీరోలు, కుడి పక్క విలన్లు. ఒక్కో జంతువుకి మూడేసి గుణాలు రాయాలి, ప్రతి గుణానికీ కథలోంచి రుజువు చూపించాలి. హీరో ముంగిస. విలన్లు రెండు నాగుపాములు, మొగుడూ పెళ్ళాం.

సరిగ్గా ఆ వారంలోనే నాగులచవితి వచ్చింది. అక్కడ పుట్ట ఎక్కడ దొరుకుతుంది? అత్తగారు వంటింటి గట్టు మీద పళ్ళెంలో ఇత్తడి నాగేంద్రుణ్ణి పెట్టి, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు నైవేద్యం చేసి, పాలు పోస్తున్నారు. పిల్లవాడు చార్ట్ చేత్తో పట్టుకునే మంచినీళ్ళకి వచ్చాడు. చూసి, "నానమ్మా, యు ఆర్ ప్రేయింగ్ టు ద విలన్!" అన్నాడు. ఆవిడకి ఇంగ్లిష్ రాకపోయినా, తెలుగు సినిమాల పుణ్యమా అని 'విలన్' అన్న మాట బాగానే తెలుసు. ఏమీ అనలేదు. పూజ ముగించి, చిమ్మిలి డబ్బాకి మూత పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు కోడలితో, "నా కొడుకుని నేనిలా పెంచలేదమ్మా" అన్నారు. అప్పట్నుంచి మనవడు పలకరిస్తే పలుకుతున్నారు, అంతే.

సంగతి తెలిసి భర్త టీచరుకి పెద్ద మెయిల్ రాశారు. మా దేవుణ్ణి దుర్మార్గుడని నేర్పిస్తున్నారు, పాఠమైనా తీసెయ్యండి, మా వాడినైనా మినహాయించండి అని. ఆమె బతిమాలి ఆపారు. అది ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. పిల్లవాడేమో ఆ హోంవర్క్ చెయ్యనే చెయ్యనని భీష్మించుకున్నాడు.

"నాకు పాములంటే భక్తి లేదు, భయమే ఉంది. కానీ ఈ ఇంట్లో అందరికీ సర్దిచెబుతూ తిరిగేది నేనొక్కదాన్నే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మెయిల్ పంపమనాలా? వాడిచేత నానమ్మకి సారీ చెప్పించాలా? చార్ట్‌లో ఏం రాయమనాలి? ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ పుస్తకం దాచెయ్యమంటారా?" అని అడిగారు.

ఇక నా జవాబు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి రెండు చోట్ల ఆగిపోయాను. రెండూ మీరు మాటల్లో మాటగా రాసేసినవే. ఒకటి: "వాడలా అనగానే నాకూ నవ్వొచ్చేసింది." రెండోది: "చార్ట్‌లో ఆడపాము పక్కన ఏదో రాసి రబ్బరుతో చెరిపేశాడు. వెలుతురుకి పట్టి చూస్తే 'గుడ్ మదర్' అని కనిపించింది." వీటి దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు కథ సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే మీ ఇంట్లో పోట్లాడుకుంటున్న నలుగురిలో కథ పూర్తిగా చదివింది పన్నెండేళ్ళవాడొక్కడేనని నా అనుమానం.

మోగ్లీ కథలున్న 'జంగిల్ బుక్' ఉంది కదా, 1894లో వచ్చింది. ఈ ముంగిస కథ అందులోదే. అంతకు ముందు ఏడాది పత్రికలో అచ్చయింది. కథ జరిగేది ఇప్పటి బిహార్‌లోని సుగౌలీ కంటోన్మెంట్‌లో, ఒక ఇంగ్లిష్ కుటుంబం ఉన్న బంగళాలో. కిప్లింగ్ పుట్టింది బొంబాయిలో, కానీ ఈ కథలు రాసేనాటికి ఆయన కాపురం అమెరికాలో, వెర్మాంట్‌లో. చలిదేశంలో కూర్చుని మన పెరటి పాముల్ని తలుచుకున్నాడన్నమాట. ఆ మాటకొస్తే మీ అత్తగారు చేస్తున్నదీ అదే.

వరదకి కొట్టుకొచ్చి చావుబతుకుల్లో ఉన్న ముంగిస పిల్లని ఆ ఇంటివాళ్ళు దూదిలో చుట్టి బతికిస్తారు. వాళ్ళ అబ్బాయి టెడ్డీకి అది నేస్తమవుతుంది. తోటలో నాగ్, నాగైనా అనే నాగుపాముల జంట ఉంటుంది. ఇంట్లో మనుషుల్ని చంపేస్తే బంగళా ఖాళీ అవుతుంది, ముంగిస వెళ్ళిపోతుంది, పుచ్చపాదులో పెట్టిన గుడ్లు పిల్లలై హాయిగా తిరుగుతాయి. ఇదీ పాముల పథకం. నాగ్ రాత్రిపూట స్నానాలగది తూములోంచి లోపలికొచ్చి నీళ్ళ కూజా చుట్టూ చుట్టుకుని పడుకుంటాడు. ముంగిస వాడి తల పట్టుకుని వదలదు, టెడ్డీ తండ్రి వచ్చి తుపాకితో కాలుస్తాడు. ఆ తర్వాత ముంగిస పుచ్చపాదులోని ఇరవై అయిదు గుడ్లలో ఇరవై నాలుగు చితక్కొట్టి, చివరిదాన్ని నోట కరుచుకుని నాగైనా ఎదుటికి వస్తుంది. చివరికి ఆమెనీ కన్నంలోకి తరుముకుంటూ వెళ్ళి చంపుతుంది.

పైపైన చూస్తే చార్ట్ నింపడం పది నిమిషాల పని. ముంగిస: ధైర్యం, విశ్వాసం, చురుకు. పాములు: క్రూరత్వం, కపటం, పగ. టీచరు టిక్కు పెడతారు, అయిపోతుంది. కానీ ఆ కథ ఆ పట్టికలో ఇమడదు. ఎందుకు ఇమడదో మీరు తెలుసుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ముంగిసనే తీసుకోండి. ధైర్యం సరే. నాకు దాని గుణాల్లో అన్నిటికన్నా నచ్చేది మరొకటి. తోటలో కరైట్ అనే చిన్న కట్లపాము టెడ్డీ దారికి అడ్డం పడుకుని ఉంటుంది. మట్టిరంగు, ఎవరి కంటా పడదు. ముంగిస దాన్ని చంపి, వాళ్ళ వంశాచారం ప్రకారం తోకవైపు నుంచి తినబోయి ఆగిపోతుంది. కడుపు నిండితే ఒళ్ళు బరువెక్కుతుంది, రేపు పెద్దపాముతో పని పడితే కదలలేం అని. ఎదురుగా భోజనం పెట్టుకుని లేచిపోయిన జీవి అది. 'బ్రేవ్' అని రాసిన పిల్లలు క్లాసులో ముప్పైమంది ఉంటారు, ఈ నిగ్రహం చూసినవాడు ఒక్కడుంటే గొప్ప. అదే ముంగిస గుడ్లు చితక్కొట్టేటప్పుడు ఎలా ఉంటుంది? ఏమాత్రం జాలి చూపదు. లోపల చుట్టుకుని పడుకున్న పాముపిల్లలు పైపొరలోంచి కనబడుతూనే ఉంటాయి. పుట్టిన క్షణం నుంచే అవి మనిషినైనా ముంగిసనైనా చంపగలవని దానికి తెలుసు. కాబట్టి దాని లెక్క దానికుంది. కానీ హీరో గడిలో 'నిర్దయ' అన్న మాట రాస్తే అబద్ధమేమీ కాదు.

ఇక నాగ్. పడగ విప్పి భయపెడతాడు, కానీ ముంగిసని చూడగానే లోలోపల వాడే భయపడ్డాడని కిప్లింగ్ చెప్పాడు. మనుషుల్ని చంపితే మనకేం ఒరుగుతుందని మొదట అడిగేది కూడా వాడే. ఆలోచనంతా నాగైనాది. ఇంట్లో పెత్తనం ఎవరిదో ఆ నాలుగు మాటల్లోనే తేలిపోతుంది, అచ్చం మన ఇళ్ళలో లాగే.

పక్కపాత్రలు ఇంకా తమాషా. చుచుంద్రా అనే చుంచెలుక పిరికిది. ఎప్పుడూ గోడవారనే పాకుతుంది, గది మధ్యలోకి రావాలంటే దానికి ప్రాణం పోతుంది. అయినా నాగ్ ఆ రాత్రి వస్తున్నాడన్న కబురు ముంగిసకి అందింది ఆ పిరికిదాని ఏడుపులోంచే. మరి దాన్ని ఏ గడిలో వేస్తాం? ఆకులు కుట్టి గూడు కట్టే డార్జీ అనే పిట్ట ఉంది, అంటే దర్జీ. ముంగిస ఒకపక్క చావుబతుకుల పోరాటంలో ఉంటే అది పాటలు పాడుతూ కూర్చుంటుంది. తెలివితక్కువదని రచయిత దాన్ని కథంతా వెక్కిరిస్తాడు. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివితక్కువ పిట్టకొచ్చిన అనుమానం కథలో ఇంకెవరికీ రాదు. నాగైనా పిల్లలూ నా పిల్లల్లాగే గుడ్లలోంచి పుట్టేవే కదా, వాటిని చంపడం న్యాయమేనా అనుకుంటుంది. తన పిల్లల్లో ఒకదాన్ని నాగ్ మింగిన తర్వాత కూడా! దాని పెళ్ళాం లౌక్యం తెలిసింది, పాముగుడ్లంటే రేపటి పాములని ఆమెకి ఎరుక. రెక్క విరిగినట్టు నటించి నాగైనాని దూరం తీసుకుపోతుంది. కథ పెళ్ళాం పక్షమే. కానీ ప్రశ్న అడిగింది మొగుడు.

మీవాడు 'గుడ్ మదర్' అని రాసి చెరిపేశాడన్నారే, అది ఆ పిట్ట అడిగిన ప్రశ్నే. వాడికి అది వాడంతట వాడికే తట్టి ఉండాలి. తప్పేమోనని చెరిపేశాడు. టీచరుకి తప్పనిపిస్తుందేమో, లేదా నానమ్మ పక్షం వహించినట్టు అవుతుందేమో, ఏదో ఒకటి. మీరు సర్దిచెప్పడంలో పడి ఆ చెరిపిన మాట సంగతి వాణ్ణి అడగలేదు. ఈ పూట అడగండి. "ఎందుకు చెరిపేశావు రా?" అని చాలు. వాడు చెప్పేదాకా మధ్యలో అందించకండి.

ఇప్పుడు మీ అత్తగారి వైపు.

పాముని మొక్కడమంటే పాము మంచిదని నమ్మడం అని మీ అబ్బాయి అనుకున్నాడు. బహుశా మీవారూ అలాగే అనుకుంటున్నారు, అందుకే అంత కోపం. పల్లెలో పుట్టలో పాలు పోసే ఏ ఆడమనిషినైనా అడగండి, పాము మంచిదని ఒక్కరూ చెప్పరు. ఆవిడ తమ్ముణ్ణి చిన్నప్పుడు చేలో పాము కరిచిందని, బతకలేదని మీరే రాశారు. ఆ మరుసటేడు కూడా ఇంటిల్లిపాదీ అదే గట్టు మీద పుట్టకి వెళ్ళారని కూడా రాశారు. ఎందుకు వెళ్ళినట్టు? పాలు పోస్తూ చదువుకునే మాటలు ఆవిడకి నోటికొచ్చి ఉంటాయి: "పడగ తొక్కితే పగవాడనుకోకు, నడుము తొక్కితే నావాడనుకో, తోక తొక్కితే తొలగిపో." దీన్ని మెల్లగా చదవండి. ఇందులో పొగడ్త ఎక్కడుంది? చీకట్లో నీళ్ళు కట్టడానికి వెళ్ళే రైతు ఇంటి మనుషులు పాముతో చేసుకుంటున్న ఒప్పందం ఇది. నీ చోటు మాకు తెలుసు, మా కాళ్ళు చూసుకోలేవు, పొరపాటున తొక్కితే పగపట్టకు, పిల్లలు గలవాళ్ళం. కొన్ని ఊళ్ళలో పుట్టలో కోడిగుడ్లు కూడా వేస్తారు. పుచ్చపాదులో గుడ్లు పగలగొట్టే కథ, పుట్టలో గుడ్లు వేసే పండగ ఒకే వారం మీ ఇంట్లో ఎదురుపడ్డాయి. గొడవ కాక ఏమవుతుంది!

చూస్తే ఆ బంగళావాళ్ళ భయం, మీ అత్తగారి పుట్టింటివాళ్ళ భయం ఒకటే. ఇంటి పక్కనే విషం ఉంది, ఇంట్లో పిల్లలున్నారు. వాళ్ళు యుద్ధం చేశారు, వీళ్ళు ఒప్పందం చేసుకున్నారు. కథలో కూడా ఒప్పందానికి ఒక క్షణం అవకాశం వస్తుంది, చాలామంది చదువుతూ దాటేస్తారు. వరండాలో నాగైనా పడగ దించి, ఆ చివరి గుడ్డు నాకిచ్చెయ్, వెళ్ళిపోతాను, మళ్ళీ రాను అంటుంది. వెళ్తావు, రావు కూడా, ఎందుకంటే నువ్వు వెళ్ళేది నాగ్ పడి ఉన్న చెత్తకుప్ప మీదికే అని ముంగిస జవాబు. ఆ ముందు నిమిషంలోనే ఆమె టెడ్డీ కాలు పక్కన కాటుకి సిద్ధంగా కూర్చుంది, కాబట్టి ముంగిస నమ్మకపోవడంలో తప్పు పట్టలేం. నమ్మి ఉంటే ఏమయ్యేదో కిప్లింగ్ చెప్పడు.

మన దగ్గర దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది, మీ అత్తగారికి మీకన్నా నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. కాళింది మడుగులో కాళియుడు. భాగవతంలో వాడు విలనే, ఎవరూ కాదనరు. నీళ్ళు విషం చేశాడు, ఆవులూ గోపాలురూ పడిపోయారు. కృష్ణుడు వాడి పడగల మీద తొక్కుతుంటే నాగపత్నులు వచ్చి మొగుణ్ణి వదలమని వేడుకున్నారు. కృష్ణుడు వదిలాడు. రమణకద్వీపానికి పొమ్మన్నాడు, నా పాదముద్ర ఉంది కాబట్టి గరుడుడు నిన్నేమీ చెయ్యడన్నాడు. అందుకే మనవాళ్ళు నాగుపాము పడగ మీది మచ్చని కృష్ణపాదాలంటారు. కిప్లింగ్ కథలో నాగ్ కూడా ఆ మచ్చ చూపించి గొప్పలు పోతాడు. బ్రహ్మ నిద్రపోతుంటే ఎండ తగలకుండా మొదటి నాగుపాము పడగ పట్టిందట, అందుకు ఆయన వేసిన గుర్తట. ఎక్కడ విన్నాడో, ఏది దేనితో కలిపాడో గానీ, ఒకే మచ్చకి రెండు కథలు.

అంటే 'పాము విలన్' అన్న మాట మీ అత్తగారికి కొత్తా కాదు, అపచారమూ కాదు. పరీక్షిత్తుని కాటేసిన తక్షకుడి కథ విని పెరిగిన మనిషి ఆవిడ. మరి ఆవిడకి దెబ్బ ఎక్కడ తగిలింది?

ఇక్కడే మీ నవ్వు గుర్తు చెయ్యాలి. ఏమీ అనుకోకండి, కొంచెం కటువుగానే చెబుతున్నాను. పన్నెండేళ్ళ పిల్లాడు తెలిసీ తెలియక అన్న మాటకి డెబ్భై ఏళ్ళ మనిషి అన్నం మానెయ్యదు. వాడు అన్నాడు, మీరు నవ్వారు. ఊరుకాని ఊళ్ళో, వంటింటి గట్టు మీద, పుట్ట బదులు పళ్ళెం పెట్టుకుని తన మానాన తను పూజ చేసుకుంటుంటే, ఇంటి ఇల్లాలు నవ్వింది. "నా కొడుకుని నేనిలా పెంచలేదు" అన్న మాట పైకి పిల్లాడి పెంపకం గురించి. లోపల అది మీ నవ్వుకి జవాబు. నేను పొరబడి ఉండొచ్చు. కానీ ఆ మాట ఆవిడ మనవడితో అనలేదు, కొడుకుతో అనలేదు, మీతోనే అన్నారు.

కాబట్టి సారీ ఎవరు చెప్పాలన్న ప్రశ్నకి నా జవాబు మీకు రుచించకపోవచ్చు. పిల్లవాడిచేత బలవంతంగా చెప్పిస్తే వాడు చెబుతాడు, ఆవిడ "పోనీలే నాన్నా" అంటారు, అక్కడితో పైకి సద్దుమణుగుతుంది. కానీ వాడికి ఒకటి అర్థమవుతుంది: ఈ ఇంట్లో కథల గురించి నోరెత్తితే తంటా. వచ్చే ఏడు నాగులచవితికి వాడు గదిలోంచే రాడు. మీరు చెప్తే వేరు. పెద్ద మాటలేం అక్కర్లేదు. కూరగాయలు తరిగేటప్పుడు పక్కన కూర్చుని, "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది అత్తయ్యా" అంటే చాలు. ఆవిడ వెంటనే కరిగిపోతారని హామీ ఇవ్వలేను. అప్పుడే పాత లెక్కలు కూడా రెండు మూడు బయటికి తియ్యొచ్చు, వినాల్సి వస్తుంది. చెప్పకుండా ఊరుకుంటే? ఆరు నెలలు గడిచిపోతాయి, ఆవిడ విమానం ఎక్కేస్తారు. ఊళ్ళో చుట్టాలకి ఈ సంగతి ఎలా చేరుతుందో మీరే ఊహించుకోండి. ఏది తేలికో మీకే తెలియాలి.

ఇక మెయిల్.

మీవారు రాసింది నేను చూడలేదు, మీరు చెప్పిన రెండు వాక్యాలే చూశాను. అది పంపితే జరిగే అవకాశమున్నది ఇది: టీచరు కంగారుపడి మర్యాదగా జవాబిస్తారు, మీవాడికి వేరే కథ, వేరే చార్ట్ ఇస్తారు. మిగతా పిల్లలంతా ముంగిస గురించి మాట్లాడుకుంటుంటే వాడు ఓ మూల విడిగా కూర్చుంటాడు. ఏడో తరగతిలో విడిగా కూర్చోవడం కంటే పెద్ద శిక్ష లేదు. దానికి కారణం నానమ్మ పూజ అని వాడి మనసులో పడిపోతుంది. మీవారు తల్లి కోసం చేసిన పని తల్లికే ఎదురు తిరుగుతుంది.

అలాగని టీచరుకి ఏమీ చెప్పకూడదని నేననను. ఆ చార్ట్‌లో లోటు ఉంది. జంతువుల్ని రెండు గడుల్లో పడెయ్యమంటే పిల్లలు మొదటి పేజీలోనే తీర్పు చెప్పేసి, ఆ తర్వాత రుజువులు ఏరుకుంటారు. ఇంకో సంగతి, బంగళా ఖాళీగా ఉన్నన్నాళ్ళూ తోటకి మేమే రాజూ రాణీ అని నాగైనా స్వయంగా అంటుంది. ఇంగ్లిష్‌వాళ్ళు మన దేశంలో బంగళాలు కట్టుకున్న రోజుల్లో ఇంగ్లిష్‌వాడు రాసిన కథలో ఆ మాట ఎలా వినిపిస్తుందో క్లాసులో మాట్లాడదగ్గదే. మీవారికి టీచరుతో మాట్లాడాలని ఉంటే ఫిర్యాదు పక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాయొచ్చు: మా ఇంట్లో నాగుపాముకి పూజ చేస్తాం, మావాడు ఆ సంగతి క్లాసులో చెప్పొచ్చా, చార్ట్‌లో ఒక జంతువుని రెండు గడుల్లోనూ రాయొచ్చా అని. ఒప్పుకుంటే మంచిది. కాదంటే ఆ కాదన్నది మీ చేతిలో ఉంటుంది, అప్పుడు కోప్పడటానికి కారణమన్నా ఉంటుంది. ఒక్క షరతు. పంపేముందు అబ్బాయిని అడగాలి. వాడికి క్లాసు ముందు నిలబడి పూజల గురించి చెప్పడం ఇష్టం లేకపోవచ్చు. ఇష్టం లేకపోతే ఆ మెయిల్ కూడా వద్దు.

చార్ట్ గురించి. టీచరు అడిగినట్టే నింపేసి ఇచ్చెయ్యడం ఒక దారి. మార్కులొస్తాయి, శుక్రవారం గడిచిపోతుంది. ఇందులో పాపమేమీ లేదు, మనమంతా పరీక్షల్లో నమ్మినవే రాశామా ఏమిటి? నష్టమల్లా వాడు ఒకటి గమనించి, చెరిపేసి, ఇంకొకటి రాయడం. అది ఒకసారికైతే ఫర్వాలేదు.

రెండోది, పాముల్ని హీరోలు చేసి ముంగిసని విలన్ చెయ్యడం. నానమ్మని సంతోషపెట్టాలని వాడికి ఈ ఆలోచన రావొచ్చు, మీవారికి నచ్చొచ్చు కూడా. దీన్ని మాత్రం నేను ప్రోత్సహించను. నిద్రపోతున్న మనుషుల్ని చంపడానికి వచ్చిన పాముని హీరో అనాలంటే కథలో సగం పేజీలు కళ్ళు మూసుకుని తిప్పాలి. రుజువు గడిలో ఏం రాస్తాడు?

మూడోది కాస్త పని ఎక్కువ. ప్రతి గుణం పక్కన, ఆ గుణం ఎప్పుడు బయటపడింది, ఎవరి పట్ల అని రాయడం. నాగైనా: తన పిల్లల కోసం ప్రాణం ఇచ్చే తల్లి, టెడ్డీ తల్లికి మాత్రం యముడు. ముంగిస: ఇంటివాళ్ళ పట్ల విశ్వాసం, గుడ్ల పట్ల నిర్దయ. డార్జీ: తెలివితక్కువ, న్యాయబుద్ధి. అప్పుడు 'గుడ్ మదర్' చెరపక్కర్లేదు, దాని పక్కనే ఇంకో మాట చేరుతుంది. టీచరు కచ్చితమైన మనిషైతే ఒక మార్కు తగ్గొచ్చు. ఆ సంగతి వాడికి ముందే చెప్పి, ఎంచుకోనివ్వండి. మీరు కూర్చుని రాసిపెట్టొద్దు. ఈ వాక్యాలు చదివి అనువదించి ఇవ్వాలన్న కోరిక మీకు కలుగుతుందని నాకు తెలుసు.

పుస్తకం దాచడం గురించి అడిగారు. దాచకండి. దాస్తే అది ఇంట్లో ఉన్న బూతుపుస్తకంలా తయారవుతుంది. దానికి బదులు, కుదిరితే, ఆ కథని ఆవిడకి వినిపించండి. మీవాడు ఇంగ్లిష్‌లో చదవాలి, మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ మాటలు రావన్నారు కదా, ఆవిడ మధ్యలో అడిగే ప్రశ్నలు వాడికి నేరుగానే అందుతాయి. మీకు ఒక్క జాగ్రత్త: ఎవరూ నొచ్చుకోకూడదని మాటలు మెత్తబరిచి అనువదించకండి. నాగ్‌ని చెత్తకుప్ప మీద పారేశారంటే పారేశారనే చెప్పండి. పాముకాటు చూసిన ఇంట పుట్టిన మనిషి, తట్టుకోగలరు. ఆవిడకి వినాలని లేకపోతే లేచిపోతారు, అప్పుడు బతిమాలొద్దు. ఇది మీవారు ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకుంటే నయం. ఆయన మెయిళ్ళు రాయడం మాని అమ్మ పక్కన అరగంట కూర్చుంటే, మీరు సర్దిచెప్పాల్సిన వాళ్ళలో ఒకరు తగ్గుతారు.

చదివేటప్పుడు ముంగిస ఏదో ఆకు తిని విషానికి విరుగుడు చేసుకుంటుందని మన ఊళ్ళలో చెప్పుకునే మాట ఆవిడ తప్పకుండా ఎత్తుతారు. కిప్లింగ్ కూడా ఆ మాట ఎత్తి, అదంతా ఉత్తిదే, గెలుపంతా కంటి చురుకూ కాలి చురుకూ అంటాడు. అక్కడ వాళ్ళిద్దర్నీ వాదించుకోనివ్వండి.

పుచ్చపాదు దగ్గరికి వచ్చాక, పిట్ట అడిగిన ప్రశ్న చదివి ఒక్క నిమిషం ఆపి, ఆవిడ ఏమంటారో వినండి. మొగుడు పిట్ట పక్షమో, పెళ్ళాం పిట్ట పక్షమో. నేను మాత్రం పెళ్ళాం పిట్టనే సమర్థిస్తారని పందెం కాస్తాను. ఏమన్నారో రాయండి.